నెల తప్పిన రోజు నుంచి మూడో నెల దాటేదాకా: వేవిళ్లు, నొప్పులు, భయాలు ఎట్టా దాటుకోవాలి

మా ఇంట్లో ఆదివారమంటే చేపల పులుసు. మామిడికాయ ముక్కలేసి శనివారం రాత్రే కాచి మూతపెట్టి, తెల్లారి తినే రకం. పెళ్లయిన ఏడాదికి నాకు నెల తప్పిందని ముందు చెప్పింది ఆ పులుసే, కిట్ కాదు. మూత తీసీ తీయగానే దొడ్లోకి పరిగెత్తాను. అత్తమ్మ వెనకాలే వచ్చి వీపు రాస్తా, "బయటచేరి ఎన్నాళ్లయిందమ్మా?" అంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటే 48 రోజులు.

అక్కడి నుంచి నేను పడిన అవస్థలో సగం ఒంటిది, సగం మనసుది. ఏది మామూలో, ఏది కాదో తేల్చి చెప్పేవాళ్లు దొరకలేదు. పెద్దవాళ్లను అడిగితే "అందరికీ ఉండేదే, ఓర్చుకోవాల" అంటారు. ఫోన్‌లో వెతికితే తుమ్మినా ప్రాణం మీదికొచ్చినట్టే రాసుంటుంది. అందుకే ప్రతి బాధకూ రెండు సంగతులు చెప్తాను: ఇంట్లో ఏం చేసి సర్దుకోవచ్చు, ఏది కనపడితే చెప్పులేసుకుని బయల్దేరాలి. నేను స్కూల్ టీచర్ని, డాక్టర్ని కాదు. పుట్టింది కావలి, మెట్టింది సింగరాయకొండ. రెండుసార్లు కడుపుతో ఉన్నాను. మొదటిది పదో వారంలో పోయింది, రెండోవాడు ఇప్పుడు ఒకటో తరగతి. రెండు దారులూ చూసిన మనిషిగా రాస్తున్నాను.

1. అన్నిటికన్నా ముందు తేదీ రాసిపెట్టుకోండి

గర్భం లెక్క మీరు కలిసిన రోజు నుంచి కాదు, ఆఖరిసారి నెలసరి మొదలైన రోజు నుంచి. ఆ తేదీకి 9 నెలల 7 రోజులు కలిపితే కాన్పు తేదీ వస్తుంది. జనవరి 10న నెలసరి అయితే అక్టోబర్ 17 అన్నమాట, మొత్తం 280 రోజులు. ఈ లెక్క 28 రోజులకోసారి క్రమంగా వచ్చేవాళ్లకు సరిపోతుంది. నాలాగా 38, 40 రోజులకు వచ్చేవాళ్లకు బిడ్డ వయసు లెక్కకన్నా పది పన్నెండు రోజులు వెనక ఉంటుంది. ఇది డాక్టర్‌కి మనమే నోరు తెరిచి చెప్పాలి.

చెప్పకపోతే ఏమవుతుందో నాకు రెండోసారి తెలిసింది. లెక్క ప్రకారం 7 వారాలని ఒక స్కానింగ్ సెంటర్‌కి పోయాను. పిండం చుట్టూ ఉండే సంచి ఉంది, గుండె కదలిక లేదు, తీసేయించుకోవడమే మంచిదని ఐదు నిమిషాల్లో తేల్చేశారు. అప్పటికే ఒకటి పోయిన మనిషిని, ఇంటికొచ్చి గోడకానుకుని కూర్చుంటే మళ్లీ లేవడానికి కాళ్లాడలేదు. మా అక్క పట్టుబట్టి పది రోజులాగి ఇంకోచోట చూపిస్తే తెర మీద మిణుకుమిణుకుమంటూ గుండె. నిజానికి మొదటి స్కాన్ నాటికి బిడ్డ వయసు ఐదున్నర వారాలే, ఆ వయసులో గుండె కనపడకపోవడం వింతేమీ కాదు.

కాబట్టి తొందరపడి ఐదో వారంలోనే స్కాన్‌కి పరిగెత్తొద్దు. నొప్పి, రక్తం లాంటివి లేకపోతే 7, 8 వారాల మధ్య చేయించుకుంటే చాలు. యోని లోపలి నుంచి చేసే స్కాన్‌లో పిండం పొడవు 7 మిల్లీమీటర్లు వచ్చాక కూడా గుండె లేకపోతేనో, సంచి 25 మిల్లీమీటర్లు ఉండి లోపల పిండమే లేకపోతేనో గర్భం పోయిందని చెప్తారు. అంతకన్నా తక్కువుంటే 7 నుంచి 14 రోజులాగి మళ్లీ చూడటమే పద్ధతి. రిపోర్టులో ఈ అంకెలు ఉంటాయి, అడిగి చూసుకోండి.

2. మొదటి వారంలోనే అయిపోవాల్సిన పనులు

ఊళ్లో ఆశా కార్యకర్తకో ఏఎన్ఎంకో చెప్పి 12 వారాల్లోపు పేరు రాయించుకోండి. ప్రైవేటులో చూపించుకునేవాళ్లు "మనకెందుకులే" అనుకుంటారు, రాయించుకుంటే పోయేదేమీ లేదు. తల్లీబిడ్డల కార్డు ఇస్తారు, అంగన్‌వాడీలో గుడ్లు, పాలు వస్తాయి. మొదటి కాన్పుకు ప్రధానమంత్రి మాతృ వందన యోజన కింద రెండు విడతలుగా 5000 రూపాయలు పడతాయి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా డాక్టర్ చూసే రోజు ఉంటుంది, 2016 నుంచి నడుస్తోంది.

ఫోలిక్ యాసిడ్ బిళ్ల రోజుకు 400 మైక్రోగ్రాములు, ఈ రోజు నుంచే. బిడ్డ వెన్నెముక, మెదడు ఏర్పడేది మొదటి కొన్ని వారాల్లోనే కాబట్టి దీన్ని వాయిదా వేయడానికి లేదు. షుగర్ ఉన్నవాళ్లకు, మూర్ఛ మందులు వాడేవాళ్లకు, ముందు బిడ్డకు వెన్నెముక లోపం ఉన్నవాళ్లకు 5 మిల్లీగ్రాముల బిళ్ల రాస్తారు, అందుకే ఆ సంగతులు దాచకుండా చెప్పాలి. ఎర్ర ఐరన్ బిళ్లలు సాధారణంగా నాలుగో నెల నుంచి మొదలుపెడతారు. ఎవరైనా ముందే ఇచ్చి, వాటితో వాంతులు పెరిగితే "కొన్నాళ్లు ఆపొచ్చా?" అని అడగండి. రక్తం మరీ తక్కువగా లేకపోతే చాలామంది ఒప్పుకుంటారు.

పరీక్షలన్నీ ఒకేసారి చేస్తారు: హిమోగ్లోబిన్ (11 కన్నా తక్కువుంటే రక్తహీనత), బ్లడ్ గ్రూపు, షుగర్, థైరాయిడ్, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సిఫిలిస్, మూత్రం. హెచ్ఐవీ పేరు చూసి మా తోడికోడలు ఉలిక్కిపడింది, "నన్ననుమానిస్తున్నారా?" అని. అందరికీ చేసేదే. గ్రూపు నెగటివ్ అని వస్తే ఆ ముక్క కార్డు మీద పెద్దక్షరాలతో రాసుకోండి, దాని అవసరం తర్వాత చెప్తాను.

3. వేవిళ్లు

పొద్దున పూటే వస్తాయనేది అబద్ధం. నాకు సాయంత్రం ఐదుకు మొదలై రాత్రి అన్నాల వేళకు తారాస్థాయికి పోయేవి. మామూలుగా ఆరో వారానికి మొదలవుతాయి, తొమ్మిదో వారం చుట్టుపక్కల బాగా ముదురుతాయి, 14 నుంచి 16 వారాలకు చాలామందికి సర్దుకుంటాయి. ఈ లెక్క తెలిసుండటమే సగం మందు, ఎందుకంటే తొమ్మిదో వారంలో ఉన్నవాళ్లకు ఇది జన్మంతా ఇట్టానే ఉంటుందేమో అనిపిస్తుంది.

మొదటి నియమం, కడుపు ఖాళీగా ఉంచొద్దు. వికారంగా ఉంది కదాని తినకుండా ఉంటే వికారం ఇంకా పెరుగుతుంది, ఇది అనుభవిస్తేగానీ నమ్మబుద్ధి కాదు. మంచం పక్కన ఒక డబ్బాలో బొరుగులు, పుట్నాల పప్పులు పెట్టుకోండి. లేవకముందే, పడుకునే నాలుగు నమిలి, ఒక పావుగంట ఆగి అప్పుడు నెమ్మదిగా లేవండి. ఆ తర్వాత రెండు గంటలకోసారి గుప్పెడు. పెరుగన్నం, ఇడ్లీ, రాగి జావ, ఉడికించిన ఆలుగడ్డ, అరటిపండు, ఏది నిలిస్తే అది. ఈ రెండు నెలలు "పోషకాహారం" అని ఎవరన్నా వెంటపడితే తలూపి మీకు పడేదే తినండి. బిడ్డ ఇప్పుడు గింజంత ఉంది, మీ ఒంట్లో ఉన్నది దానికి చాలు. మొదటి మూడు నెలల్లో బరువు పెరగకపోయినా, కిలో తగ్గినా గాబరా పడొద్దు.

రెండోది, నీళ్లు తిండితో కలపొద్దు. తిన్న అరగంటకు, అదీ గ్లాసు ఎత్తి గటగటా కాకుండా గుక్కెడు గుక్కెడు. మంచినీళ్లు కూడా పడకపోతే చల్లటి ఓఆర్ఎస్, ఉప్పేసిన నిమ్మరసం, పల్చటి మజ్జిగ. పొదలకూరు, గూడూరు నిమ్మతోటల పుణ్యమా అని నిమ్మకాయకు మనకు కరువు లేదు. సగానికి కోసిన కాయ చేతిరుమాల్లో చుట్టి బ్యాగులో పెట్టుకునేదాన్ని. సింగరాయకొండ నుంచి ఒంగోలు బస్సులో టంగుటూరు దాటేటప్పుడు పొగాకు వాసన గుప్పుమంటే ముక్కు దగ్గర పెట్టుకోవడానికి. అల్లం కూడా పనిచేస్తుంది, చిన్న ముక్క దంచి వేడినీళ్లలో వేసి తేనెతో. ఎక్కువేస్తే గుండెల్లో మంట, జాగ్రత్త.

మూడోది వాసనలు. పోపు వాసన, బియ్యం ఉడికే వాసన, మొగుడి సెంటు, ఫ్రిజ్ తలుపు తీస్తే వచ్చే వాసన. వంట ఇంకొకళ్లు చేస్తే దీనికి మించిన వైద్యం లేదు. అట్టా కుదరని ఇళ్లే ఎక్కువ కాబట్టి, చల్లారిన తిండి తినండి, వేడి తగ్గితే వాసనా తగ్గుతుంది. మా ఇంట్లో పులుసు రెండు నెలలు బంద్. మామయ్య ఒక్కరే పక్కింట్లో గిన్నె తెప్పించుకుని వరండాలో తినేవాడు, పాపం.

వాంతి అయిన వెంటనే పళ్లు తోమొద్దు, ఆ పులుపుకు పంటిపైపొర మెత్తబడి ఉంటుంది. నీళ్లతో పుక్కిలించి అరగంటాగి తోముకోండి. నోట్లో అదేపనిగా నీళ్లూరుతుంటే దాన్ని మింగడంతో వికారం ఎక్కువవుతుంది, ఉమ్మేయండి, సిగ్గేం లేదు. ఒక లవంగమో ఉసిరి పప్పో చప్పరిస్తే కాస్త ఆగుతుంది.

ఇవన్నీ చేసినా ఆగకపోతే బిళ్ల వేసుకోవడం తప్పు కాదు. ఈ మాట గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే "మూడు నెలల్లోపు మందులొద్దు" అని ఆరో వారం నుంచి పదో వారం దాకా మంచానికి కరుచుకుపోయిన వాళ్లను చూశాను. డాక్సిలమిన్, బి6 విటమిన్ కలిసిన బిళ్ల దశాబ్దాలుగా గర్భిణులకు ఇస్తున్నదే, బిడ్డకు హాని చేయదని తేలిందే. రాత్రి పడుకునేముందు వేసుకుంటే తెల్లారేసరికి పనిచేస్తుంది. కాస్త మత్తుగా ఉంటుంది, అంతే. డాక్టర్ రాస్తేనే, రాసినంతే. మెడికల్ షాపులో "వాంతుల బిళ్ల ఇవ్వండి" అని అడిగి తెచ్చుకోవద్దు.

బయల్దేరాల్సింది ఎప్పుడు? 24 గంటలు ఏదీ, నీళ్లు కూడా, నిలవకపోతే. ఎనిమిది గంటలు మూత్రం రాకపోయినా, వచ్చింది ముదురు పసుపుగా చిక్కగా ఉన్నా. నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా. వాంతిలో రక్తం, జ్వరం, కడుపునొప్పి కలిసినా. 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గినా. అది వేవిళ్ల స్థాయి దాటిపోయినట్టు, ఆస్పత్రిలో చేరి సెలైన్ పెట్టించుకోవాల్సిందే. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర గ్లూకోజు బాటిల్ ఎక్కించుకుంటే సరిపోతుందనుకోవద్దు. చాలా రోజులు తిండి నిలవని మనిషికి బి1 విటమిన్ ఇవ్వకుండా ఉత్త గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకు దెబ్బ తగలొచ్చు. ఆస్పత్రిలోనైతే అది చూసుకునే ఎక్కిస్తారు.

4. మిగతా చిల్లర బాధలు

నిద్ర. మధ్యాహ్నం మూడింటికి స్టాఫ్‌రూమ్‌లో బల్ల మీద తల వాల్చేసేదాన్ని. ప్రొజెస్టెరాన్ హార్మోన్ పని అది. పోట్లాడకుండా పడుకోండి.

అదే హార్మోన్ పేగుల్నీ నెమ్మదింపజేస్తుంది కాబట్టి మలబద్ధకం, కడుపుబ్బరం, పులితేన్పులు. తోటకూర, జామకాయ, రాత్రి నానబెట్టిన ఎండుద్రాక్ష, చాలినన్ని నీళ్లు. అవీ చాలకపోతే ఇసబ్‌గోల్ వాడొచ్చు. ఆముదం తాగడం, సునాముఖి లాంటి విరేచనాల మందులు మాత్రం సొంతంగా వద్దు. గుండెల్లో మంటకు తినగానే పడుకోకుండా గంటా రెండు గంటలాగడం, తలకింద రెండు దిండ్లు. తినేసోడా నీళ్లలో కలిపి తాగే అలవాటు మానేయండి, ఉప్పులో ఉండే సోడియం అందులోనూ ఎక్కువ. జెల్ మందు డాక్టర్ని అడిగి వాడుకోవచ్చు.

తలనొప్పికి, జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. జ్వరం 100.4 డిగ్రీలు దాటితే బిళ్లతో సరిపెట్టకుండా చూపించుకోండి, వానాకాలంలో మన దగ్గర డెంగీ సంగతి తెలిసిందే కదా.

మూత్రం మాటిమాటికీ రావడం మామూలు. మంట, నడుములో నొప్పి, చలిజ్వరం మామూలు కాదు, ఇన్ఫెక్షన్. రొమ్ములు బరువెక్కి నొప్పిగా ఉంటే బిగుతు లేకుండా ఆసరా ఇచ్చే కాటన్ బాడీలు. తెల్లబట్ట పల్చగా వాసన లేకుండా ఉంటే దాన్ని వదిలేయండి, పెరుగులా గడ్డలుగా ఉండి దురద పెడితే చూపించుకోండి.

బలపాలు, పచ్చి బియ్యం, మట్టి తినాలనిపించేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు, చెప్పుకోరు. ఇది చాలాసార్లు ఒంట్లో ఐరన్ తక్కువై వచ్చే కోరిక. తిట్టేవాళ్లకు కాదు, డాక్టర్‌కి చెప్పండి.

5. తిండి, నీళ్ల గురించి పెద్దలతో వచ్చే పేచీలు

బొప్పాయి. పచ్చికాయలో పాలు ఉంటాయి, వద్దు. బాగా మాగిన పండు ముక్కకు గర్భం పోదు. తెలియక తినేసి ఏడుస్తూ కూర్చున్నవాళ్లకు ఈ మాట. పైనాపిల్ ముక్కలతోనూ పోదు. అయినా అత్తమ్మకు బొప్పాయి అంటే భయమైతే మానేయండి, దానికోసం ఇంట్లో యుద్ధం అక్కర్లేదు, జామకాయలున్నాయి. కుంకుమపువ్వుకు బిడ్డ రంగు మారదు, ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి.

వికారం తగ్గాక చేపలు తినండి, నెల్లూరోళ్లకు ఇది చెప్పక్కర్లేదు. కాకపోతే ఏ చేప అన్నది చూడాలి. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు లాంటి చిన్నవి మంచివి. సొర వద్దు. బాలింతలకు పాలు పడతాయని సొరపుట్టు పెట్టడం మన తీరంలో అలవాటే గానీ, పెద్ద వేటచేపల ఒంట్లో పాదరసం పేరుకుని ఉంటుంది, అది బిడ్డ మెదడుకు మంచిది కాదు. వంజరం లాంటి పెద్దవాటిని కూడా ఇష్టమై ఎప్పుడన్నా ఒక ముక్కతో ఆపండి. ఏదైనా పూర్తిగా ఉడకాలి. పాలు కాచి తాగాలి. కాఫీ, టీ కలిపి రోజుకు రెండు కప్పులు దాటొద్దు.

కనిగిరి చుట్టుపక్కల, ఉదయగిరి వైపు మెట్ట ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. అక్కడి వాళ్లు "మేము కాచే తాగుతున్నాం" అంటారు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. తాగడానికీ వంటకూ ఆర్‌ఓ నీళ్లో, పైపుల్లో వచ్చే నది నీళ్లో వాడండి.

శనివారం ఒక్కపొద్దులు ఈ మూడు నెలలు దేవుడికి చెప్పి వాయిదా వేసుకోండి. కడుపు ఖాళీగా ఉంటే ఏమవుతుందో పైన చెప్పాను.

6. పనికి పోయేవాళ్లు

మామూలు నడక, మెట్లెక్కడం, ఇంటిపని, బస్సు ప్రయాణం, వీటితో గర్భం పోదు. మంచం మీదే పడుకుంటే నిలుస్తుందనేదానికీ ఆధారం లేదు. డాక్టర్ ప్రత్యేకంగా చెప్పినవాళ్ల సంగతి వేరు.

కానీ మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కొన్ని పనుల గురించి విడిగా చెప్పాలి. పొగాకు కోతకు పోయేవాళ్లకు పచ్చి ఆకు తడి నుంచి నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది, మంచు తడి ఉన్న పొద్దున పూట ఇంకా ఎక్కువ. దానికీ వాంతులు, తలతిప్పుడు, నీరసమే వస్తాయి. వేవిళ్లనుకుని ఊరుకుంటారు. పొలం నుంచి వచ్చిన పూటే ఎక్కువై, సెలవు రోజున తగ్గుతుంటే అది ఆకు పని. కడుపుతో ఉన్నన్నాళ్లూ ఆ పని, ఆకును వేడికి ఆరబెట్టే బ్యారన్ల పొగ, ఆకు గ్రేడింగ్ దుమ్ము మానుకునే దారి చూడండి. పురుగుమందులు కొట్టే చేలోకి అసలే పోవద్దు. రొయ్యల ఫ్యాక్టరీల్లో మంచుగడ్డల మధ్య గంటల తరబడి నిలబడేవాళ్లు సూపర్‌వైజర్‌కి చెప్పి కూర్చునే పనికి మారండి. మూడో నెలదాకా ఎవరికీ చెప్పకూడదన్న పట్టింపుతో మేనేజర్‌కి కూడా చెప్పకుండా కష్టపడేవాళ్లున్నారు, అవసరమైనచోట చెప్పడమే నయం.

బస్సులో ముందు సీటు, కిటికీ పక్కన, రెండు ప్లాస్టిక్ కవర్లు, ఒక తడి రుమాలు. రోహిణి కార్తెలో మధ్యాహ్నం పూట ప్రయాణం పెట్టుకోవద్దు.

7. రక్తం కనపడితే, నొప్పి వస్తే

ఇక్కడ నెమ్మదిగా చదవండి.

మొదటి మూడు నెలల్లో దాదాపు నలుగురిలో ఒకరికి కాస్తో కూస్తో రక్తం కనపడుతుంది. వాళ్లలో చాలామందికి బిడ్డ నిలుస్తుంది. కాబట్టి బాత్‌రూమ్‌లో చుక్క కనపడగానే అంతా అయిపోయిందని కూలబడొద్దు. ప్యాడ్ పెట్టుకోండి, టైము చూసుకోండి, రంగు చూడండి. గోధుమ రంగులో మరకలాగా ఉండి నొప్పి లేకపోతే ఆరోజో మర్నాడో డాక్టర్‌కి చూపించాలి, అర్ధరాత్రి పరుగు అవసరం లేదు. ఎర్రటి రక్తం నెలసరిలా వస్తుంటే ఆ పూటే పోవాలి. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, గడ్డలు పడుతున్నా, కళ్లు తిరుగుతున్నా 108. బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే ఎంత కొంచెం రక్తమైనా ఆ సంగతి మొదటే చెప్పాలి. తల్లి ఒళ్లు బిడ్డ రక్తానికి ఎదురు తిరగకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమైతే 72 గంటల్లోపు ఇవ్వాలి.

పొత్తికడుపులో నెలసరి ముందు లాగినట్టు సన్నటి నొప్పి వచ్చి పోతుండటం మామూలే. అట్టా కాకుండా ఒక పక్కే పోటులాగా, ఆగకుండా, పెరుగుతూ వస్తే, దానికి తోడు భుజం చివర నొప్పి, చెమటలు, కళ్లు బైర్లు కమ్మడం ఉంటే, గర్భం గర్భసంచిలో కాకుండా దాని పక్కనుండే ట్యూబులో నిలిచిందేమో అని అనుమానించాలి. వందలో ఒకరిద్దరికి వస్తుంది. రక్తం బయటికి కనపడకపోయినా లోపల పోతూ ఉండొచ్చు, అందుకే ప్రమాదం. గర్భం గర్భసంచిలోనే ఉందని స్కాన్‌లో తేలేదాకా ఇట్టాంటి నొప్పిని గ్యాస్ అనుకుని వాము నమిలి పడుకోవద్దు. కందుకూరో కావలో ఎక్కడున్నా, ఆపరేషన్ చేయగల ఆస్పత్రికే నేరుగా పోవాలి. నెల్లూరు పెద్దాసుపత్రి, ఒంగోలు జీజీహెచ్ (అందరూ ఇప్పటికీ రిమ్స్ అనే అంటారు) లాంటివి.

నాకు మొదటిది పోయినప్పుడు బస్సు కుదుపులే కారణమంది మా అమ్మ, మెట్లన్నారు ఒకరు, గ్రహణం రోజు బయటికొచ్చానన్నారు ఇంకొకరు. ఏడాది పాటు నేనూ అదే నమ్మి నన్ను నేనే తిట్టుకున్నాను. తెలిసిన గర్భాల్లో నూటికి 10 నుంచి 20 పోతాయి, ఎక్కువభాగం మొదటి 12 వారాల్లోనే. సగానికి పైగా క్రోమోజోముల్లో తేడా వచ్చి, అంటే మొలకెత్తేటప్పుడే లోపం ఉండి నిలవనివి. బిందె ఎత్తడం వల్లో, గొడవపడి ఏడవడం వల్లో, బస్సెక్కడం వల్లో కాదు. ఈ సంగతి ఆ రోజు ఎవరన్నా చెప్పుంటే బాగుండేది.

8. రాత్రి రెండింటికి వచ్చే భయాలు

"నిన్నటిదాకా వాంతులు, ఈరోజు ఏమీ లేదు, ఏమైందో!" బాధలు రోజురోజుకూ పెరిగి తగ్గుతూ ఉంటాయి, ఒకరోజు హాయిగా ఉంటే ఆ హాయి మీదే. అసలు వేవిళ్లే రానివాళ్లకూ బంగారంలాంటి పిల్లలు పుడతారు.

"కిట్‌లో గీత లేతగా ఉంది." పాజిటివ్ వచ్చాక మళ్లీ మళ్లీ కిట్లు కొనడం ఆపేయండి. గీత ముదురుదనం బట్టి బిడ్డ బాగోగులు తెలియవు.

"తెలియకముందు జ్వరం బిళ్లలు వేసుకున్నాను." ఖాళీ స్ట్రిప్పు తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి. చాలా మందులతో ఏమీ కాదు. మూర్ఛకు, బీపీకి వాడేవాటిలో కొన్ని, మొటిమలకు మింగే ఐసోట్రెటినాయిన్ లాంటివి మాత్రం వెంటనే చెప్పాలి. అట్టాగని మూర్ఛ, థైరాయిడ్, ఆస్తమా, బీపీ మందులు భయపడి సొంతంగా ఆపొద్దు, ఆపడమే ఎక్కువ ప్రమాదం. థైరాయిడ్ బిళ్ల మోతాదు గర్భంలో తరచూ పెంచాల్సి వస్తుంది, మొదటి నెలలోనే పరీక్ష చేయించుకోండి.

నేను పాటించిన చిట్కా ఒకటుంది. పాత నోటుబుక్కులో పేజీ మధ్యలో గీత గీసి, ఎడమవైపు "డాక్టర్‌ని అడగాలి" అని, కుడివైపు "ఇప్పుడే పోవాలి" అని రాశాను. భయం పుట్టినప్పుడల్లా దాన్ని ఏదో ఒక పక్క రాసేదాన్ని. కుడివైపు మూడు నెలల్లో ఒక్కటే పడింది, అదీ గోధుమ రంగు మరక. ఎడమవైపు రెండు పేజీలు నిండింది. డాక్టరమ్మ నవ్వుతూనే అన్నిటికీ జవాబు చెప్పింది.

కానీ రెండు వారాలకు పైగా ఏడుపు ఆగకపోతే, నిద్ర పట్టకపోతే, బతకాలనిపించకపోతే దాన్ని వేవిళ్ల ఖాతాలో వేయొద్దు. మనసు బాధలు వినే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉంటే మహిళల హెల్ప్‌లైన్ 181.

9. మగవాళ్లకు రెండు ముక్కలు

చదువుతున్నది మొగుడైతే: సిగరెట్ ఇంటి బయట కాదు, అసలే మానేయండి. పోపు మీరు పెట్టండి. "మా అమ్మ ఆరుగుర్ని కన్నది" అనే మాట ఈ మూడు నెలలూ నోట్లోంచి రానివ్వొద్దు. రాత్రి బండిలో పెట్రోల్ ఉందో లేదో చూసిపెట్టండి, ఏ ఆస్పత్రికి పోవాలో ఇద్దరూ ముందే అనుకోండి. డాక్టర్ వద్దనకపోతే, రక్తం కనపడకపోతే కలవడం వల్ల బిడ్డకు ఏమీ కాదు. కాకపోతే ఆమెకు మీ సెంటు వాసనే పడట్లేదని గుర్తుంచుకోండి.

10. 11 వారాలు నిండాక

11 వారాలు నిండినప్పటి నుంచి 13 వారాల 6 రోజుల లోపు ఎన్‌టీ స్కాన్ చేస్తారు. బిడ్డ మెడ వెనక ఉండే నీటి మందాన్ని కొలుస్తారు, ఇది ఆ మూడు వారాల్లోనే కుదిరే కొలత, దాటితే లేదు. అందుకే అపాయింట్‌మెంట్ పదో వారంలోనే తీసుకోండి. ఆధార్ కార్డు, పాత రిపోర్టులు, డాక్టర్ చీటీ పట్టుకుపోవాలి, ఫారం నింపించుకుంటారు. ఆడో మగో అడగొద్దు, చెప్పడం 1994 చట్టం ప్రకారం నేరం.

లైను ఎంతసేపుంటుందో తెలియదు కాబట్టి బాక్సులో ఇడ్లీలు, నిమ్మకాయ, కవర్లు బ్యాగులో వేసుకోండి. నేను ఆ రోజు రెండున్నర గంటలు కూర్చున్నాను. పక్క సీట్లో పొదిలి నుంచి వచ్చిన అమ్మాయి ఖాళీ కడుపుతో కళ్లు తేలేస్తుంటే నా ఇడ్లీల్లో రెండు ఇచ్చాను. వాళ్లాయన బయట టీ తాగుతున్నాడు.